కుక్క కరవకముందే రేబీస్ టీకా: ఎవరికి కావాలి, ఎన్ని డోసులు, ఎక్కడ వేయించుకోవాలి?

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏడాది పొడుగునా నడిచే గొడవ ఒకటే. గల్లీ కుక్కలకు అన్నం పెట్టేవాళ్లు ఒకవైపు, పెట్టొద్దనేవాళ్లు ఇంకోవైపు. ఈ సంక్రాంతి దాటాక ఆ గొడవలో ఒక కొత్త ప్రశ్న వచ్చి పడింది. రోజూ రాత్రి గేటు బయట పెరుగన్నం పెట్టే మూడో అంతస్తు ఆంటీ, "కరవకముందే వేసుకునే ఇంజెక్షన్ ఉందట కదా, వేయించుకోనా?" అని అడిగారు. పది నిమిషాల్లో ఇరవై జవాబులు. "అదేం అక్కర్లేదు, కరిస్తే ఐదు ఇంజెక్షన్లు ఉండనే ఉన్నాయి" అని ఒకరు. "ఒకసారి వేసుకుంటే ఇక జన్మలో భయం లేదు" అని మరొకరు.

రెండూ తప్పే. అక్కడే రాద్దామని మొదలుపెట్టి, గ్రూపు మెసేజిలో ఇమిడే సంగతి కాదని ఆపేశాను. ఇది ఆ జవాబు. నేను డాక్టర్‌ని కాదు. మా ఇంట్లో ఒక కుక్క కాటు కేసు, ఒక వెటర్నరీ విద్యార్థిని, ముగ్గురు చిన్నపిల్లలు ఉన్నారు. అందుకే ఈ విషయం గురించి తెలుసుకోక తప్పలేదు.

ముందు, టీకా లేనివాళ్లను కరిస్తే ఏమవుతుందో

మా బావ సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట సెకండ్ షిఫ్ట్ ముగించుకుని విద్యానగర్ మీదుగా బైక్ మీద వస్తుంటే, చికెన్ షాపు మూలమీద నాలుగు కుక్కలు తరిమాయి. ఒకటి పిక్క పట్టుకుంది. రెండు పళ్లు దిగాయి, రక్తం కారింది. రాత్రి పదకొండు గంటలకు దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. టీటీ వేశారు, రేబీస్ టీకా మొదటి డోసు వేశారు, బిల్లు చేతిలో పెట్టారు. "సీరం కూడా వెయ్యాలి, మా దగ్గర స్టాక్ లేదు, బయట చూసుకోండి" అన్నారు.

సీరం అంటే ఏమిటో మాకు అప్పటిదాకా తెలియదు. ఆ రాత్రి మూడు మందుల షాపులు తిరిగాం. ఒకచోట షట్టర్ సగం దించి ఉంది, ఒకచోట ఆ పేరే వినలేదన్నారు, మూడోచోట ఒకటే వైల్ (చిన్న మందు సీసా) ఉంది, మనిషి బరువుకు అది చాలదన్నారు. తెల్లారాక నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి వెళితే పని జరిగింది. మొదటి టీకా డోసు పడిన ఏడు రోజుల లోపు సీరం వేయవచ్చని, ఒక రాత్రి ఆలస్యానికి అంత హడలిపోనక్కర్లేదని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

సీరం ఎందుకంటే, టీకా వేసిన వెంటనే ఒంట్లో రక్షణ పుట్టదు. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారవడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. వైరస్ ఈలోగా గాయం దగ్గరి నరం పట్టుకుని మెదడు వైపు నడక మొదలుపెడుతుంది. అందుకని ఎవరో తయారుచేసి పెట్టిన యాంటీబాడీలను తెచ్చి, గాయంలోకీ గాయం చుట్టూ ఎక్కిస్తారు. అదే ఇమ్యునోగ్లోబులిన్. మన దగ్గర వాడుకలో సీరం అనేస్తారు. గుర్రం నుంచి తీసినదైతే కిలో బరువుకు 40 యూనిట్లు, మనిషి రక్తం నుంచి తీసినదైతే కిలోకు 20 యూనిట్లు. అరవై కిలోల మనిషికి గుర్రపు సీరం 2,400 యూనిట్లు కావాలి. మామూలుగా దొరికే మందు మిల్లీలీటరుకు 300 యూనిట్లది, కాబట్టి 8 మిల్లీలీటర్లు. పచ్చిగాయంలోకి, అదీ పిక్క మీద. మా బావ లారీ టైరు మార్చేటప్పుడు చెయ్యి నలిగినా కిమ్మనని మనిషి, ఆ రోజు మంచం పట్టీ పట్టుకుని కేక పెట్టాడు.

మనిషి సీరం అయితే ఎలర్జీ భయం తక్కువ, కానీ పెద్దవాళ్ల బరువుకు లెక్క కట్టేసరికి ఖర్చు వేలల్లోకి పోతుంది. ఈమధ్య ల్యాబులో తయారుచేసిన మోనోక్లోనల్ యాంటీబాడీలు కూడా వచ్చాయి. పుణె టీకాల కంపెనీ సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ర్యాబిషీల్డ్, జైడస్ వాళ్ల ట్విన్‌ర్యాబ్ అలాంటివి. అవీ గాయంలోకి ఎక్కించాల్సినవే, అవీ బరువు లెక్కనే.

ఇప్పుడు ముందే టీకా వేసుకున్న మనిషిని అదే కుక్క, అదే చోట, అంతే లోతుగా కరిచిందనుకోండి. సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడుక్కోవడం మామూలే. ఆసుపత్రికి వెళ్లడమూ మామూలే. కానీ పడేది రెండే డోసులు, ఒకటి ఆ రోజు, ఒకటి మూడో రోజు. సీరం అక్కర్లేదు. శరీరానికి ఆ వైరస్ గుర్తుంది కాబట్టి, ఒక్క తట్టు తడితే చాలు, యాంటీబాడీలు పుంజుకుంటాయి.

ముందస్తు టీకా చేసే పని ఇంతే. కరిచాక ఆసుపత్రికి పోకుండా చేసే మంత్రం కాదు అది. మీ దారిలోంచి సీరాన్ని తీసేస్తుంది. కాబట్టి "నాకు కావాలా?" అనే ప్రశ్నను ఇలా మార్చుకోండి: నన్ను గానీ నా బిడ్డను గానీ ఇవాళ కరిస్తే, ఆ సంగతి నాకు తెలుస్తుందా, తెలిస్తే ఇవాళో రేపో సీరం గాయంలోకి పడుతుందా? రెండింటికీ ధీమాగా అవునంటే, ముందస్తు టీకా మీకు తప్పనిసరి కాదు. ఏ ఒక్కదానికి తడబడినా, వేయించుకోవడమే మేలు.

ఎవరికి ఏ మాట చెబుతాను

జంతువులతో రోజూ పనిచేసేవాళ్ల విషయంలో చర్చే అక్కర్లేదు. వెటర్నరీ డాక్టర్లు, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివే పిల్లలు, కుక్కలు పట్టే మున్సిపల్ సిబ్బంది, జూ ఉద్యోగులు, పెట్ క్లినిక్‌లలో బుట్టలు మోసే హెల్పర్లు, బ్లూ క్రాస్ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో వాలంటీర్లు. మా అక్క కూతురు వెటర్నరీలో చేరిన నెలలోనే మూడు డోసులు పూర్తి చేసుకుంది. ఈ జాబితాలో అందరూ మరిచిపోయేది ఆ హెల్పర్లనే. డాక్టరుగారికి టీకా ఉంటుంది, కుక్క మూతి గట్టిగా పట్టుకునే కుర్రాడికి ఉండదు. మీకు పెట్ షాపో బోర్డింగో ఉంటే, ముందు పనివాళ్లకు వేయించండి.

గల్లీ కుక్కలకు రోజూ తిండి పెట్టేవాళ్లదీ దాదాపు ఇదే లెక్క. "అవి నన్ను ఏమీ చెయ్యవు" అంటారు, నిజమే కావచ్చు. కానీ రెండు కుక్కలు అన్నం దగ్గర కొట్లాడుకుంటే మధ్యలో చెయ్యి పెట్టేది మీరే. కుక్కపిల్లలను ఎత్తుకునేదీ, పుండు పడినవాటికి మందు రాసేదీ మీరే. చేతి మీద చిన్న గీరుడుకు లాలాజలం తగిలినా అది లెక్కలోకి వస్తుంది. మా మూడో అంతస్తు ఆంటీకి నా జవాబు: వేయించుకోండి, ఆలోచించకండి.

పిల్లల దగ్గర కాసేపు ఆగాలి. రేబీస్ మరణాల గురించి రెండు రకాల అంకెలు వినిపిస్తాయి. మన దేశంలో ఏటా 18,000 నుంచి 20,000 మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు ఊళ్లు తిరిగి చేసిన సర్వే ఏటా 5,700 అని అంచనా వేసింది. ఏ లెక్క తీసుకున్నా, చనిపోయేవాళ్లలో పిల్లల వాటా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 నుంచి 60 శాతం పదిహేనేళ్ల లోపువాళ్లే. పిల్లలు పొట్టిగా ఉంటారు, కుక్క నోరు వాళ్ల మొహానికి అందుతుంది. మెదడుకు దగ్గరైన కాటు కాబట్టి వ్యవధీ తక్కువ. అన్నిటికంటే పెద్ద చిక్కు, వాళ్లు చెప్పరు. "ఆ కుక్క దగ్గరికి పోవద్దని చెప్పానా?" అని తిడతామని భయం. మా చిన్నోడు స్కూలు బస్సు దిగి కుక్కపిల్లతో ఆడుకుంటుంటే పన్ను గీసుకుపోయింది. మేము మోకాలి చిప్ప మీద గీత చూసింది మూడో రోజు స్నానం చేయించేటప్పుడు. అడిగితే బెంచీ తగిలిందన్నాడు. రెండు చాక్లెట్ల తర్వాత అసలు సంగతి బయటపడింది.

పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ కూడా ఇంట్లో పెంపుడు జంతువులున్న పిల్లలకు, హాస్టల్లో ఉండే పిల్లలకు, వీధికుక్కల బెడద ఉన్నచోట బయట తిరిగే పిల్లలకు ముందస్తు టీకా ఇవ్వవచ్చని చెబుతుంది. ఆ మూడో మాట హైదరాబాద్‌లో ఎన్ని కాలనీలకు వర్తించదో మీరే చెప్పండి. అలాగని ఇది సర్కారు ఉచిత టీకాల కార్డులో లేదు. అడిగి వేయించుకోవాల్సిందే. మా పిల్లలు ముగ్గురికీ వేయించాం. డోసు పెద్దవాళ్లకు ఎంతో పిల్లలకూ అంతే, సగం చెయ్యరు. మిగతా టీకాలతో పాటు ఒకే రోజు వేయించినా ఇబ్బంది లేదు.

డెలివరీ కుర్రాళ్లు, తెల్లవారుజామున పాలు, పేపర్లు వేసేవాళ్లు, మీటర్ రీడింగ్‌కు వచ్చేవాళ్లు రోజూ కొత్త గల్లీలో కొత్త కుక్కను ఎదుర్కొంటారు. వీళ్లకు కావాలి, కానీ కరిస్తే తెలుస్తుంది, ఊళ్లోనే ఉంటారు. చేతిలో డబ్బు ఆడితే వేయించుకోండి, ఆడకపోతే కరిచిన రోజు డ్యూటీ వదిలేసి వెళ్లడం మాత్రం మానకండి.

లిఫ్టులో దిగి కారెక్కి హైటెక్ సిటీ పోయి వచ్చే పెద్దవాళ్లకు ఇది అవసరమని నేననుకోను. ఆ డబ్బుతో మీ పెంపుడు కుక్కకు ఏటా టీకా తప్పకుండా వేయించండి. గల్లీలో ఉన్న పది కుక్కలకు టీకాలు వేయించడానికి చందా ఇవ్వండి. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే వాటిలో రేబీస్ గొలుసు తెగిపోతుందని లెక్క. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. మీరు నెలకోసారి ఆదిలాబాద్ వైపో నల్లమల వైపో మారుమూల ఊళ్లకు పనిమీద పోయేవాళ్లయితే, కరిచిన చోటు నుంచి సీరం దొరికే చోటికి ఎన్ని గంటలో ఒకసారి ఆలోచించండి.

అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్ల గురించి ఒక మాట. అక్కడ ఈ టీకా ఒక్కో డోసు వందల డాలర్లు, ఇక్కడ వందల రూపాయలు. అందుకని దిగాక వేయిద్దాంలే అనుకుంటారు. రెండు డోసులకే వారం పడుతుంది, ఆ తర్వాత రక్షణ పుట్టాలి. నాలుగు వారాల ట్రిప్పులో సగం అలాగే గడుస్తుంది. మా కజిన్ ఏటా వస్తాడు కాబట్టి ఈసారి వచ్చినప్పుడు పిల్లలకు ఇక్కడే పూర్తి చేయించి, వచ్చే ఏడాదికి నిశ్చింతగా ఉన్నాడు. పదేళ్లకోసారి వచ్చేవాళ్లయితే, ఆ నాలుగు వారాలూ పిల్లల మీద కన్నేసి ఉంచడమే తేలిక.

మీకు ఇప్పటికే ఉందేమో చూసుకోండి

ఇది చాలామందికి తట్టదు. గతంలో ఎప్పుడైనా కుక్క కరిచి, డోసులన్నీ పూర్తి చేసుకుని ఉంటే, మీరు ముందస్తు టీకా వేసుకున్నవాళ్లతో సమానం. మళ్లీ కరిస్తే మీకూ రెండు డోసులే, సీరం ఉండదు. మా బావ ఇప్పుడు ఆ జాబితాలోనే ఉన్నాడు. అయితే కాగితం చూపించాలి. రుజువు లేకపోతే డాక్టర్ మిమ్మల్ని టీకా లేనివారిగానే చూస్తారు, అది న్యాయమే.

ఇందులో ఒక తిరకాసు ఉంది. "నాకు చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిచారు, నాకేం కాదు" అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా నాన్న కూడా అదే అంటాడు. ఆ పాత టీకా గొర్రె మెదడు కణజాలం నుంచి చేసేవారు. రక్షణ అంతంతమాత్రం, నరాల మీద దుష్ప్రభావాలూ ఉండేవి. 2004 చివర్లో మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపేశారు. ఆ పద్నాలుగు సూదులు ఈ లెక్కలోకి రావు. మా నాన్నను ఇవాళ కరిస్తే మొదటి నుంచి మొత్తం కోర్సు, సీరంతో సహా. ఇప్పటి టీకాలు భుజానికే వేస్తారు. పసిపిల్లలకైతే తొడ ముందుభాగంలో. పిరుదుకు వేయకూడదు. ఎవరైనా వేయబోతే ఆపండి, అక్కడ మందు సరిగా పనిచెయ్యదు.

రెండు డోసులా, మూడా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి రెండు డోసులు చాలంటోంది: మొదటి రోజు, ఏడో రోజు. మన జాతీయ మార్గదర్శకాలు మూడు చెబుతున్నాయి: 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు. సున్నా అంటే మొదలుపెట్టిన రోజు. అమెరికా వాళ్లు 2022లో రెండుకు దిగారు, మూడేళ్ల తర్వాతా ముప్పులో ఉండేవాళ్లకు ఇంకో డోసో, యాంటీబాడీ పరీక్షో అని ఒక షరతు పెట్టారు.

రెండు తప్పు కాదు. అయినా హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు నేను మూడే చెబుతాను. రేపు మీరు కాటుతో వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చునే డాక్టర్ చేతిలో ఉండేది మన దేశపు మార్గదర్శకం. కార్డులో రెండే కనిపిస్తే ఆయన దాన్ని అసంపూర్తి అనవచ్చు. అప్పుడు మళ్లీ మొత్తం కోర్సు, మళ్లీ సీరం, మీరు ఏది తప్పించుకుందామనుకున్నారో అదే. ఒక్క డోసు ఖర్చుతో ఆ వాదన లేకుండా పోతుంది. ఒకే ఒక్క డోసు వేసుకుని ఆపేసినవాళ్లను మాత్రం ఎక్కడైనా టీకా లేనివాళ్లుగానే లెక్కేస్తారు.

తేదీలు గుర్తుండవని టెన్షన్ పడకండి. 7, 21, 28 అన్నీ ఏడు గుణిజాలే. బుధవారం మొదలుపెడితే అన్నీ బుధవారాలే.

కండరానికా, చర్మంలోకా?

కండరానికి వేస్తే ఒక మనిషికి ఒక వైల్ మొత్తం. చర్మం పొరల్లోకి వేస్తే 0.1 మిల్లీలీటరు చాలు, ఒక వైల్ నలుగురైదుగురికి సరిపోతుంది. రక్షణలో తేడా లేదు. సర్కారు దవాఖానాల్లో కుక్క కాటుకు చర్మంలోకే వేస్తారు, అది పొదుపు. ప్రైవేటు క్లినిక్‌లో ఒక్కరి కోసం వైల్ తెరిస్తే మిగిలింది ఆరేడు గంటల్లో వాడకపోతే పారేయాలి కాబట్టి, వాళ్లు కండరానికే వేస్తారు.

మీకు ఎంచుకునే వీలుంటే, రెండు సందర్భాల్లో కండరానిదే అడగండి. కీళ్లవాతానికో లూపస్‌కో హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఒకరు. ఆ మందు చర్మంలోకి వేసే టీకా పనిని తగ్గిస్తుంది. రెండోది, వేసే నర్సుకు చర్మంలోకి వేయడం అలవాటు లేనప్పుడు. సరిగా పడితే నారింజ తొక్కలా చిన్న బొబ్బ లేస్తుంది. బొబ్బ లేవకపోతే లోపలికి దిగిపోయినట్టే, ఇంకోచోట మళ్లీ వెయ్యాలి. నలుగురైదుగురు పిల్లలున్న ఉమ్మడి కుటుంబమో, పది మంది వాలంటీర్ల బృందమో అయితే, అలవాటున్న క్లినిక్‌తో ముందే మాట్లాడుకుని ఒకే రోజు అందరూ వెళ్లడం మంచి బేరం.

ఏ బ్రాండు?

దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి. అభయ్‌ర్యాబ్ మన గచ్చిబౌలిలో ఆఫీసున్న ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వాళ్లది. రాబిపూర్ పేరుతో పెద్దవాళ్లకు తెలిసిన టీకాను తయారుచేసే అంకలేశ్వర్ కంపెనీని మన జినోమ్ వ్యాలీ భారత్ బయోటెక్ 2019లో కొనుక్కుంది, ఇప్పుడది చిరోర్యాబ్. సీరం ఇన్‌స్టిట్యూట్ ర్యాబివ్యాక్స్ ఉంది. అన్నీ చచ్చిన వైరస్‌తో చేసినవే, వాటివల్ల రేబీస్ రాదు. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. చిరోర్యాబ్ లాంటివి కోడి పిండం కణాల్లో పెంచినవి. గుడ్డు తింటే ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడనంత ఎలర్జీ ఉన్నవాళ్లు ముందస్తు టీకాకు వీరో కణాల్లో (కోతి మూత్రపిండం నుంచి వచ్చిన కణాలు) పెంచిన అభయ్‌ర్యాబ్ లాంటిది అడిగితే సరి. మొదటి డోసు ఒక బ్రాండు, రెండోది దొరకక ఇంకో బ్రాండు వేసుకున్నా కోర్సు చెడదు.

బ్రాండు కంటే చూడాల్సింది ఫ్రిజ్‌ను. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్ ఎండలో మెడికల్ షాపులో కొని, క్యారీబ్యాగులో పెట్టుకుని, దారిలో కొబ్బరిబొండం తాగి క్లినిక్‌కు చేరితే ఆ డోసుకు హామీ లేదు. క్లినిక్‌లోనే కొని అక్కడే వేయించుకోండి. బిల్లు తీసుకోండి, వైల్ మీది బ్యాచ్ నంబరు కార్డులో రాయించండి.

ఎక్కడ, ఎంతకు?

కరిచాక అయితే నా ఓటు సర్కారు దవాఖానాకే. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) రోజూ కుక్క కాట్లు చూసే చోట్లు. పచ్చిగాయంలోకి సీరం ఎక్కించడంలో వాళ్ల చేయి తిరిగి ఉంటుంది. కరవకముందు అయితే లెక్క మారుతుంది. అక్కడి స్టాక్ మొదట కాటు పడినవాళ్లది. ఒంటి మీద గాయం లేని మనం ఆ క్యూలో నిలబడితే రక్తం కారే పిల్లాడి ముందు నిలబడ్డట్టే. వృత్తిరీత్యా ముప్పు ఉన్నవాళ్లు తమ శాఖ ద్వారా, కాలేజీ ద్వారా అడగాలి. మిగతావాళ్లు పిల్లల డాక్టర్ దగ్గరికో ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికో వెళ్లడం మేలు.

ఈ టీకా అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉంది కాబట్టి ధర మీద ప్రభుత్వ పరిమితి ఉంటుంది. వైల్ సుమారు 300 నుంచి 400 రూపాయల మధ్య పడుతుంది. క్లినిక్ ఫీజు వేరు. మూడు డోసులకు మందు ఖర్చు వెయ్యి, పన్నెండు వందలు అనుకోండి. కార్పొరేట్ ఆసుపత్రిలో ప్యాకేజీ పేరుతో ఎక్కువ చెబితే, మందు ధర ఎంత, ఫీజు ఎంత అని విడివిడిగా అడగండి. ఒక చోట నేనలా అడిగేసరికే ప్యాకేజీ కాస్తా విడిపోయింది.

వేయించుకున్నాక

చెయ్యి ఒకరోజు నొస్తుంది, కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి. పథ్యం ఏమీ లేదు. మాంసం, వంకాయ, చివరికి పెరుగు కూడా మానేయమని చెప్పే చుట్టాలుంటారు. ఆ పథ్యాలేవీ అక్కర్లేదు.

బూస్టర్లు అందరికీ అక్కర్లేదు. మామూలుగా వేసుకున్నవాళ్లు కరిస్తే ఆ రెండు డోసులు వేయించుకుంటే చాలు, ఏళ్లు గడిచినా ఆ లెక్కే. వెటర్నరీ వాళ్లు, ల్యాబుల్లో వైరస్‌తో పనిచేసేవాళ్లు మాత్రం రక్తంలో యాంటీబాడీలు చూపించుకుంటూ ఉండాలి. మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల కంటే తగ్గితే ఒక డోసు. క్యాన్సర్ మందులు, అవయవమార్పిడి తర్వాతి మందులు వాడేవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు ఈ సౌకర్యమంతా వర్తించదు. వాళ్లు ముందస్తుగా వేసుకున్నా కరిచాక సీరం పడాల్సిందే. గర్భిణులు ముందస్తు టీకాను కాన్పయ్యేదాకా వాయిదా వేసుకోవచ్చు, కరిచాక వేసే టీకాను మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

కరిచిన రోజు ఏం చెయ్యాలో మాత్రం టీకా ఉన్నా లేకున్నా ఒకటే. కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. కుట్లు వేయించుకోవడానికి తొందరపడొద్దు. కరిచింది పెంపుడు కుక్క అయినా, దానికి టీకా ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పది రోజులు అది బతికి బాగుంటే మిగతా డోసుల సంగతి ఆయనే చెబుతారు. పిల్లి గీరినా, కోతి కరిచినా కడుక్కుని డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే, పది రోజులు చూసే లెక్క మాత్రం కుక్కకు, పిల్లికే. ఇంట్లో ఎలుక కరిస్తే మామూలుగా రేబీస్ భయం ఉండదు.

కార్డు ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. మా ఫ్రిజ్ తలుపు మీద మూడు కార్డుల జెరాక్సులు అంటించి ఉన్నాయి, గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన.

మా ఆంటీ జవాబు కోసం ఆగలేదు, ఆ వారమే మొదటి డోసు వేయించుకున్నారు. ఇరవై ఎనిమిదో రోజు సరిగ్గా శివరాత్రి పడింది, క్లినిక్ మూసి ఉంది. మళ్లీ మొదటి నుంచి వేయాలేమోనని జాగారమంతా నాకు మెసేజీలు పెట్టారు. అక్కర్లేదు, ఆగిన చోటు నుంచే కొనసాగిస్తారు. మర్నాడు పొద్దున్నే వేయించుకుని వచ్చి, భుజం నొప్పిగా ఉందని ఆ రాత్రికి పెరుగన్నం గిన్నె నా చేతికిచ్చారు. నాకింకా టీకా లేదు. గేటు బయట గిన్నె దూరంగా పెట్టి వచ్చేశాను.